ఆరు వారాలు మోపకూడని కాలు

బోరబండలో ఉండే రాకేశ్ పదేళ్లుగా హైటెక్ సిటీ భవనాల అద్దాలు తుడిచేవాడు. నడుముకు తాడు కట్టుకుని, పాదాలు అద్దానికి ఆనించి పైనుంచి కిందికి దిగడం అతని పని. ముప్పై రెండేళ్లకే కుడి మోకాలు వాయడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే తాడు ఎక్కనివ్వరు.

ఒక మధ్యాహ్నం పదకొండో అంతస్తు దగ్గర ఆ మోకాలు వంగినది వంగినట్టే బిగుసుకుపోయింది. గాలికి ఊగి భుజం అద్దానికి కొట్టుకుంది. లోపల మీటింగులో ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. పక్క తాడు మీదున్న లోహిత్ దగ్గరికి జరిగి, అతన్ని మెల్లగా కిందికి దించాడు.

దవాఖానలో డాక్టర్ హరిత స్కాన్ చూపించింది. "కీలులో ఎముకను కప్పి ఉండే మెత్తటి పొర, కింది ఎముకతో సహా పెచ్చులా ఊడింది. రెండు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ, కరిగిపోయే మేకులతో బిగిస్తాను. ఆరు వారాలు ఆ కాలు నేల మీద మోపొద్దు."

"నొప్పి లేకపోతే గూడనా మేడం?"

"నాకు భయం అప్పుడే."

ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో వారానికి నొప్పి పోయింది. "ఇగ కొన్ని దినాలే, జర ఓపిక పట్టు," అని భార్య ప్రశాంతి చంక కర్రలు మంచానికి ఆనించి పనికి పోయేది.

నాలుగో వారంలో ఒకనాడు కింద నీళ్ల ట్యాంకరొచ్చిందని కేకలు వినిపించాయి. ఇంట్లో చుక్క నీళ్లు లేవు. కర్రలు పట్టుకుంటే బిందె పట్టలేడు. కర్రలు వదిలేసి రెండంతస్తులు దిగి, నిండు బిందెతో ఎక్కాడు. ఏమీ కాలేదు. అందుకే మర్నాడూ దిగాడు. మూడోనాడు మెట్టు మీద, మోకాలి లోపల ఏదో సన్నగా పక్కకు జరిగింది. భార్యకు చెప్పలేదు. తెల్లారేసరికి మోకాలు ఉబ్బిపోయింది.

ఈసారి డాక్టర్ స్కాన్ రెండుసార్లు చూసింది. "మీతో ఎవరొచ్చారు?" అని అడిగింది.

"ఎవలు రాలే మేడం. చెప్పుండ్రి."

బిగించిన పెచ్చు మళ్లీ ఊడి, ముక్కలైంది. ఇక అతకదు. మళ్లీ కెమెరా పెట్టి ఆ ముక్కలు తీసేసింది. ఎముకలో గుంట మిగిలింది. తాడు పని వద్దంది. కీలు ఎన్నాళ్లు నిలుస్తుందో మాత్రం చెప్పలేనంది. ఆ మాట అతను ఇంట్లో చెప్పలేదు.

ఇప్పుడు రాకేశ్ భవనాల కింద కుర్చీ వేసుకుని, తాళ్ల కిందికి ఎవరూ రాకుండా విజిల్ ఊదుతాడు.

"మునుపటి లెక్క ఎప్పుడు నడుస్తవ్?" అని అడుగుతుంది ప్రశాంతి.

"నడుస్త తియ్యి," అని ముఖం తిప్పుకుంటాడు.