తడిపే చేయి, పూసే చేయి

మా ఇంట్లో వెనక అర్ర ఒకటుంది. అర్ర అంటే గదే. ముందు భాగం మేము కట్టుకున్న స్లాబు ఇల్లు. వెనక అర్ర మాత్రం మా మామ కాలం నాటిది. రాయి మీద రాయి పేర్చి మధ్యలో మట్టి మెత్తిన గోడలు, మూరెడు మందం. అందులో మా అక్క ఉంటుంది. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, యారాలు. మా ఆయనకు అన్న భార్య. బావ పోయి చాలా ఏళ్లయింది. ఉన్న ఒక్క బిడ్డకు షాద్‌నగర్‌లో పెళ్లి చేసి, అక్క ఆ అర్రలోనే ఉండిపోయింది.

నేను శంషాబాద్ పక్కన సర్కారు బడిలో లెక్కలు చెబుతాను. ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పీ చెప్పీ నాకొక జబ్బు పట్టుకుంది. ఎవరికైనా చెప్పడమే తప్ప, అడగడం రాదు. ఏం కూర వండాలో చెబుతాను, ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెబుతాను, నెత్తిమీద విమానం వెళ్తుంటే ఆ చప్పుడు పోయేదాకా ఆగి మళ్లీ మొదటి నుంచి చెబుతాను. మా ఆయన దీనికి అలవాటు పడ్డాడు. అక్క కూడా పడిందనే అనుకున్నాను.

ఏటా బతుకమ్మ పండుగకు ముందు వెనక అర్రకు మేమిద్దరమే సున్నం వేసుకునేవాళ్లం. ఆ పని ఒక్కరితో అయ్యేది కాదు. అక్క ముందు నడుస్తూ గోడను నీళ్లతో తడిపేది. నేను వెనకాలే కుంచెతో సున్నం పూస్తూ పోయేదాన్ని. తడిపే చేయిని పూసే చేయి తరుముతూ ఉండాలి, తడి ఆరకముందే సున్నం పడాలి. ఆలస్యమైతే మట్టి గోడ సున్నంలోని నీళ్లన్నీ తాగేస్తుంది. ఇక పైన మిగిలేది పొడి. ఆనుకున్న వాళ్ల వీపంతా తెల్లగా అవుతుంది. కొత్త కోడలిగా వచ్చిన ఏడాది నాకు ఆ పని నేర్పింది అక్కే. తడి చాలదని నేను కసిరితే నవ్వేది. నేను వెనకబడితే తిరిగొచ్చి మళ్లీ తడిపేది.

మూడేళ్ల కింద బిడ్డ కాన్పుకని అక్క షాద్‌నగర్ వెళ్లి రెండు నెలలు ఉంది. ఆ సందులో నాకో బుద్ధి పుట్టింది. ముందు గదులన్నీ నిగనిగలాడుతుంటే వెనక అర్ర ఒక్కటే మొండిగా తెల్లగా ఉండటం నాకు నచ్చేది కాదు. బుద్వేల్ నుంచి పెయింటర్‌ను పిలిపించి, గోడలకు పుట్టీ పెట్టించి, పైన గులాబీ రంగు ప్లాస్టిక్ పెయింట్ రెండు పూతలు వేయించాను. అక్క చూసి మురిసిపోతుందనుకున్నాను. అక్క వచ్చింది. గడపలో నిలబడి నాలుగు గోడలూ చూసింది. మంచిగున్నది అంది. తన సంచి లోపల పెట్టుకుంది.

ఆ తర్వాత మా మధ్య కొట్లాట ఏమీ జరగలేదు. మాటలు మాత్రం తగ్గిపోయాయి. పాలు వచ్చాయా, గ్యాస్ అయిపోయిందా, అంతే. ఆ ఏడాది సున్నం మాట రాలేదు, ఆ మరుసటి ఏడాదీ రాలేదు. మంచికి పోతే చెడు ఎదురైందని నేనూ మొహం ముడుచుకున్నాను. ఏమైందక్కా అని ఒక్కసారి అడిగితే పోయేది. అడగడం నాకు రాదని ముందే చెప్పాను కదా.

గోడకు మాత్రం ఈ పంతాలు తెలియవు. మట్టి గోడ వానాకాలంలో నేలలోని తడిని పీలుస్తుంది, ఎండలు రాగానే వదిలేస్తుంది. సున్నం దానికి అడ్డు రాదు. ప్లాస్టిక్ రంగు అడ్డొచ్చింది. మొదటి వానలకే గోడ అప్పడంలా పొంగింది. రెండో ఏడు ఆ పొంగులు పగిలి, వెనక నల్లటి బూజు బయటపడింది. అర్రలో తలుపు తీస్తే ముక్కవాసన కొట్టేది. పోయిన చలికాలం అక్కకు దగ్గు పట్టుకుని ఎన్ని మందులకూ తగ్గలేదు. దవాఖానలో డాక్టరు, ఎక్కడ పడుకుంటావమ్మా అని ఆరా తీసి, ముందు ఆ గది బాగు చేసుకోమన్నాడు. ముందు గదిలోకి వచ్చి పడుకొమ్మని అక్కకు చెప్పాను. రానంది.

ఎండాకాలం సెలవులు మొదలైన రోజే అక్క బిడ్డ ఫోన్ చేసింది. చిన్నమ్మా, రెండు వారాల్లో వచ్చి అమ్మను తీసుకుపోతాను, ఇక మా దగ్గరే ఉంటుంది అంది. కోపంగా అనలేదు, పాపం. తల్లి దగ్గు ఫోన్లో వింటున్న పిల్ల అంతకన్నా ఏమంటుంది. నేను సరే అని ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. నేను బడికి పోతే నా పిల్లలిద్దరూ తిన్నది అక్క చేతి ముద్దలే. జ్వరం వస్తే వాళ్లు అమ్మా అనకుండా పెద్దమ్మా అని పిలిచేవాళ్లు. అప్పట్లో దానికీ నాకు కోపం వచ్చేది. ఇప్పుడు అక్క లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి భయమేసింది.

పోవద్దని అడగాలి. అడగలేక గోడ మీద పడ్డాను. అర్ర మునుపటిలా అయితే అక్క తనంతట తానే ఆగిపోతుందని నా లెక్క.

అర్రలో సామాను బయట పెట్టించాను. అక్క తప్పదన్నట్టు ముందు గదిలోకి వచ్చింది. రోజూ పొద్దున, ఎండ ముదరకముందే, ముక్కుకు గుడ్డ కట్టుకుని రేకుతో రంగు గీకేదాన్ని. పొంగిన చోట రొట్టెముక్కల్లా ఊడొచ్చేది. పొంగని చోట చెయ్యి పడిపోయేది. సగం పని మా ఆయన చేశాడు. ఇంత డబ్బు పెట్టి పూయించి ఇంత కష్టపడి గీకడం నీకే చెల్లింది అని ఆయన వెక్కిరిస్తుంటే, నోరు మూసుకుని గీకాను. అంతకుముందైతే సున్నంలోకి ఎముక లేకుండా చేసేదాన్ని.

సున్నం దొరకడమూ కష్టమైంది. శంషాబాద్ బజారులో ఏ దుకాణంలో అడిగినా డబ్బాలూ పుట్టీ సంచులే చూపించారు. చివరికి పహాడీ షరీఫ్ పోయే దారిలో ఒక పాత దుకాణంలో సున్నపు రాళ్లు దొరికాయి. ఇంటికి తెచ్చి, ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు పట్టి రాళ్లు వేయబోతున్నాను. అక్క హాల్లోంచి లేచి వచ్చింది. బకెట్ పక్కకు జరిపి, పెరట్లో పడి ఉన్న పాత ఇనుప డ్రమ్మును దొర్లించుకొచ్చి నా ముందు నిలబెట్టి వెళ్లిపోయింది. నీళ్లలో పడగానే రాళ్లు బుసబుసమని మరిగాయి. డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత కాలింది. ప్లాస్టిక్ బకెట్ అయితే అడుగు ఊడి సున్నమంతా నా కాళ్ల మీద పడేది. ఆ సంగతి అక్కకు గుర్తుంది, లెక్కల టీచరుకు లేదు.

వారం నానింది. వడగట్టి, గంజి పోసి, కాస్త ఉప్పు వేసి కలిపాను. అక్క బిడ్డ వచ్చే ఆదివారానికి ఇంక అయిదు రోజులే ఉంది. మా ఆయన డ్యూటీకి వెళ్లాడు. అక్క హాల్లో చీరలు మడతపెట్టి సంచిలో సర్దుకుంటోంది. రెండు చేతులూ నాకూ ఉన్నాయి కదా అనుకుని ఒక్కదాన్నే మొదలుపెట్టాను. తడపడం, చెంబు కింద పెట్టడం, కుంచె తీయడం, పూయడం, మళ్లీ చెంబు. ఎండాకాలపు గోడ. నేను వంగి లేచేలోపే తడి మాయమయ్యేది. సాయంత్రానికి ఒక గోడ పూర్తయింది. పొద్దున లేచి అరచేత్తో రాసి చూస్తే అరచేయంతా తెల్లగా వచ్చింది. గోడ మీద నా అయిదు వేళ్ల దారి నల్లగా మిగిలింది.

ఆ చేయి చూసుకుంటూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తర్వాత హాల్లోకి వెళ్లాను. అక్క సంచి పక్కన కూర్చుని ఉంది. ఎదురుగా వెళ్లి కూర్చున్నాను.

"అక్కా, జర తడుపుతవా?"

అక్క నా మొహం చూసింది, నా చేయి చూసింది.

"చేతులకు నూనె రాసుకోలే నువ్వు. చూడు, ఎట్ల పగిలినయో."

లేచి వంటింట్లోంచి కొబ్బరినూనె తెచ్చి, నా రెండు చేతులూ తన ఒళ్లోకి లాక్కుని, వేళ్ల సందుల్లో కూడా రాసింది. దగ్గు వస్తే మొహం పక్కకు తిప్పుకుని దగ్గి మళ్లీ రాసింది. మూడేళ్లలో ఆమె నన్ను తాకడం అదే మొదలు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, సున్నం మంట అని చెప్పాను.

ముక్కుకు గుడ్డ కట్టుకుంటే గానీ అక్కను అర్రలోకి రానివ్వలేదు. ముందు నేను పూసిన పొడంతా చీపురుతో దులిపించింది. తర్వాత చెంబు అందుకుంది. ఒక చోట తడపడం, రెండడుగులు జరగడం, మళ్లీ తడపడం. వెనక నేను. సున్నం పచ్చిగా ఉన్నప్పుడు గోడ మీద ఏమీ కనిపించదు. మబ్బు నీళ్లు పూసినట్టుంటుంది, అంతే. తెలుపు తేలేది ఆరాకే. ఆ సంగతి తెలిసీ నేను చిక్కగా మరోసారి పూయబోతే అక్క కుంచె పట్టుకుని ఆపింది. తొందర పడకు, రేపటికి తెల్లగైతది అంది.

రెండో గోడ మధ్యలో అక్కే నోరు విప్పింది. గోడ వైపే చూస్తూ, తడుపుతూనే చెప్పింది.

"రంగుకు అలుగలే చెల్లె నేను. రంగు మంచిగనే ఉండే. నా అర్రను నన్ను ఒక్క మాట అడుగకుండ జేసినవ్. అప్పటికెల్లి నాది కాదనిపిచ్చింది."

నేను కుంచె డ్రమ్ములో పెట్టేశాను. గోడ ఆరిపోతోందని తెలుసు. ఆరిపోనీ అనుకున్నాను.

"తప్పయింది అక్కా. ఇప్పుడు అడుగుతున్న. పోకు. ఉంటవా?"

అక్క ఆరిన చోటుకు మళ్లీ నీళ్లు కొట్టింది.

"బిడ్డకు మాటిచ్చిన. పోవాలె" అంది. రెండడుగులు జరిగి, "పూయి" అంది.

పూశాను. మరుసటి రోజు రెండో పూత, ఆ మరుసటి రోజు మూడోది. శనివారం పొద్దున నాలుగు గోడలూ పాలలా తెల్లబడ్డాయి. అరచేత్తో రాసి చూశాను, ఏమీ అంటలేదు. అర్రలో బూజు వాసన పోయి, తడిసిన రాయి వాసన వచ్చింది. గది ఎంత బాగుందో నా మనసు అంత బాగాలేదు. అడగడం నేర్చుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది, అడిగితే కాదన్నారు. కాదనే హక్కు కూడా ఆమెదే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆదివారం బిడ్డ వచ్చింది. గోడలు చూసి మెచ్చుకుంది గానీ తల్లి సంచులు భుజానికి వేసుకోవడం ఆపలేదు. అన్నాలు తిన్నాం. అక్క అర్రలోకి వెళ్లి, కిటికీ రెక్కలు బార్లా తెరిచి, బయటికొచ్చి తలుపుకు తాళం వేసింది. బస్టాపు దాకా నేనూ వెళ్లాను. దారంతా ఒకటే ఆలోచన. ఇక రానివాళ్లు తాళంచెవి అప్పజెప్పి పోతారు. అక్క ఇంకా ఇవ్వలేదు. మరిచిపోయిందేమో. నేనే అడిగితే పొమ్మన్నట్టుంటుంది, అడగకపోతే గది ఎవరిదో తేలదు.

షాద్‌నగర్ బస్సు వచ్చి ఆగింది. బిడ్డ ముందెక్కి సీటు పట్టింది. నేను చేయి చాచాను.

"తాళంచెవి ఇచ్చి పోతవా అక్కా? తలుపు తీసి పెడ్త, గాలాడాలె గద."

అక్క నా చేయి చూసింది.

"కిటికీ తెరిచే ఉన్నది" అంది.

తాళంచెవిని కొంగుకు ముడివేసి, ఆ ముడిని బొడ్లో దోపుకుని, బస్సెక్కింది.