గట్టు మధ్య నుంచి కొలిచిన చేను

పెట్రోలు బంకులకూ, బండ్ల చార్జింగ్ స్టేషన్లకూ స్థలాలు చూసి ప్లాన్లు గీయడం నా పని. ఇందులో ఎన్ని ఎకరాలున్నాయని ఎవరూ అడగరు, రోడ్డు వైపు వెడల్పెంత అని అడుగుతారు. బండి లోపలికి రావాలి, తిరగాలి, మళ్ళీ రోడ్డెక్కాలి. మా గోదావరి జిల్లాల్లో కరువైనదే ఆ వెడల్పు. ఇక్కడ చేను పంచేటప్పుడు నిలువునా కోస్తారు, ప్రతి వాటాకూ వెనకనున్న పంటబోదె తగలాలని. నీళ్ళ తగాదా ఉండదు కానీ, రోడ్డు మీద ఒక్కొక్కరికీ మిగిలేది రిబ్బను ముక్క.

కొవ్వూరు దగ్గర ఒక రైతు తన వాటాను చార్జింగ్ స్టేషనుకు లీజుకివ్వాలనుకున్నాడు. మోకాళ్ళు పోయాయి, ఇక వ్యవసాయం చేయలేడు. ఫోనులో దస్తావేజు చదివి వెడల్పు చెప్పాడు. నేను కుర్చీలోంచి లేవకుండానే సరిపోతుందన్నాను, మెరక వేయించుకోమన్నాను. ఆయన ఆ ఏడు నాట్లు మానేసి, లారీలతో మట్టి తోలించి చేనును రోడ్డెత్తుకు లేపాడు.

తర్వాత వెళ్ళి టేపు పట్టాను. మూరెడు తక్కువ. దస్తావేజులో కొలత గట్టు మధ్య నుంచి గట్టు మధ్యకు ఉంటుంది. కంపెనీ గట్లు వదిలేసి లోపలి నేలే లెక్క కడుతుంది. ఈ సంగతి ఇక్కడ పుట్టిన నాకు ఒకరు చెప్పాలా? ఫోనులో మాట్లాడుతున్నప్పుడు తట్టలేదు, అంతే.

ఆయన నన్నేమీ అనలేదు. "పంచేటప్పుడు మా నాన్నగారే సరిగ్గా కొలవలేదేమోనండి" అన్నాడు. నాకు సిగ్గేసింది. అయినా నోరు విప్పలేదు.

పక్క చేను తమ్ముడిది. పంపకాలనాటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. తమ్ముడు తన చేలోనే నిలబడి అంతా వింటున్నాడు. ఉమ్మడి గట్టు కలిస్తే కొలత సరిపోతుంది. అన్న తను అడగనని, నన్ను అడగమన్నాడు. పది అడుగులు నడిచి వెళ్ళి అడిగాను. గట్టు ఇచ్చేస్తే అతను తన చేలోనే కొత్తది వేసుకోవాలి, ఆ మేరకు వరి పోతుంది. అతను అన్న తోలించిన మట్టి వైపు చెయ్యి చూపించాడు.

"మెరకేశాక అందులో ఇంక వరి పండదు కదండీ. మా అన్నయ్య ఏం చేసుకుంటాడు? గట్టు తీసేసుకోమనండి."

ఆ మాట అన్నకూ వినపడింది. ఆయన తల వంచుకుని టేపు చుట్టసాగాడు. అది నా టేపు.

స్టేషను వచ్చింది. ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ సాయంత్రాలు అక్కడే కూర్చుంటున్నారు. నేను కారు చార్జింగుకు ఆగితే టీ తెప్పిస్తారు. నాన్నగారు ఒక్క మూర తప్పు కొలవబట్టే మళ్ళీ కలిశామని వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. ఆయన కొలత సరైనదే. ఆ మాట నేనింతవరకూ వాళ్ళకు చెప్పలేదు.