గీతలు కలిసిన అంగీ

అబ్బాయి మొహం నచ్చక పెళ్లి సంబంధాలు తప్పిపోవడం మీరు వినే ఉంటారు. మొహం తప్ప ఇంకేమీ కనబడక తప్పిపోయే దాకా వచ్చిన సంబంధం మాత్రం నాదొక్కటే. దానికి కారణం నా కత్తెర.

లాక్‌డౌన్ మొదటి ఏడాది. సూరత్‌లో మగ్గాలు ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి చెవుల్లో ఉన్న చప్పుడు ఒక్కసారిగా పోతే ఎట్లా ఉంటుందో, మాలాంటి వలస మగ్గం కుటుంబాలుండే ఉధ్నా పేటలో ఉన్నవాళ్లనే అడగాలి. పట్టపగలు వీధిలో కుక్క నడిస్తే దాని గోళ్ల చప్పుడు వినబడేది. మా గోడ అవతల ఎవరో ఊపిరి పీల్చినట్టు అనిపించేది. ఆ పక్క ఖోలీలో, అదే ఒంటిగదిలో, ఉండేవాళ్లు బంద్ పడకముందే తాళం వేసి ఊరెళ్లిపోయారు.

అట్లాంటి రోజుల్లో జగిత్యాల వైపు నుంచి సంబంధం వచ్చింది. వీడియో కాల్‌లోనే పెళ్లిచూపులు. అమ్మాయి పేరు సరిత. ఫోటో చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. "సూరత్ పిలగాడా, వద్దు" అని అంతకుముందే రెండు సంబంధాలు పోయాయి. ఇదీ పోతుందేమోనని అమ్మ దిగులు, నా దిగులు అంతకు రెట్టింపు.

దుకాణాలు బంద్. ఇంట్లో ఉన్నది నీలం, తెలుపు నిలువు గీతల గుడ్డ తాను ఒక్కటే. పెచ్చులూడిన గోడ కనబడకుండా అమ్మ అందులో సగం చింపి తెర కట్టింది. మిగతా సగంతో అంగీ కుట్టుకుంటానన్నాను. అమ్మ జాకెట్లు కుట్టే మనిషి, సలహా చెప్పింది.

"జేబుకు అడ్డం గీతలొచ్చేటట్టు కొయ్‌రా. కలిపే బాధ తప్పుతది."

"నేను మగ్గం నడిపేటోన్ని. గీత తెగితే నా కండ్లు మండుతయ్."

"గొక్క అంగీకి గింత పట్టింపేంది?"

నేను వింటేగా. జేబు గీత ఛాతీ గీతలో, భుజం గీత వీపు గీతలో కలిసిపోయేలా కోశాను. కుట్టి, ఇస్త్రీ చేసి, తెర ముందున్న మేకుకు తగిలించాను. స్నానం చేసి వచ్చి చూస్తే అంగీ లేదు.

"అమ్మా, నా అంగీ తీసినవా?"

"నేనెందుకు తీస్త? గాడనే ఉండె."

మేకు ఉంది. మేకు కింద తెర ఉంది. చెయ్యి చాపితే వేళ్లకు కాలర్ తగిలింది. బుద్ధి ఉన్నవాడైతే అక్కడే ఆగేవాడు. నేను గీతలు ఎంత బాగా కలిశాయో అని మురిసిపోయాను. పైగా ఫోన్ ముందు స్టూలు జరిపి జరిపి, అంగీ గీతలు తెర గీతలతో కూడా కలిసేలా కూర్చున్నాను.

పొద్దుగూకే వేళ కాల్ కలిసింది. అవతల సరిత, వాళ్ల నాన్న, అమ్మమ్మ. ముగ్గురూ కళ్లు చికిలించి ఫోన్ దగ్గరికి జరిగారు. ఫోన్ మూలన నా చిన్న బొమ్మ చూసుకున్నాను. గీతల మధ్య నా తల ఒక్కటే వేలాడుతోంది. నమస్కారం పెడదామంటే ఎక్కడి నుంచో రెండు చేతులు వచ్చి తల కింద నిలబడ్డాయి. నిజం చెబుతున్నాను, ఛాతీ ఉందో లేదోనని తడిమి చూసుకున్నాను.

"సూరత్‌ల శానమంది పోతుండ్రట బిడ్డా," అమ్మమ్మ గొంతు సన్నగా వినబడింది. "గీ పిలగాడు సుత పోయిండే. ఫోన్ బంద్ చెయ్యి."

కాల్ కట్ అయింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోడ అవతల ఖాళీ ఖోలీలో ఏదో టక్కుమంది. చేతికందిన పిల్లను గీతలు కలిపి పోగొట్టుకున్నానని ఏడుపొచ్చింది.

అంతలో ఫోన్ మళ్లీ మోగింది. సరిత.

"ఏమనుకోకుండ్రి. మా అమ్మమ్మ మీ కాళ్లు చూస్తనంటుంది."

"కాళ్లెందుకు?"

"దయ్యాలకు పాదాలు వెనక్కుంటయంట. తెర కాడికెల్లి ఇవుతలకొచ్చి జర నడిచి చూపియ్యుండ్రి."

పూర్వం పెళ్లిచూపుల్లో ఆడపిల్లను నడిపించి చూసేవారట. ఫోన్‌లో కనబడదు కదా అని పైన ఇస్త్రీ అంగీ, కింద పాత లుంగీతో ఉన్న నేను, ఆ లుంగీ పైకి పట్టుకుని గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. "సక్కగ నడువ్‌రా," అంటూ వెనక నుంచి అమ్మ.

"ముందుకే ఉన్నయే అమ్మమ్మా," అంది సరిత నవ్వాపుకుంటూ. "గీ అంగీ ఎవలు కుట్టిండ్రు?"

"నేనే."

"గీతలు మంచిగ కలిపిండ్రు. మరి జేబేది?"

వెతుక్కున్నాను. నాకూ దొరకలేదు. ఆమె పకపకా నవ్వింది, సంబంధం ఖాయమైంది.

ఇందుమూలంగా మగ్గం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. గీతల గుడ్డ ఇక కొయ్యను, కోసినా కలపను, కలిపినా అదే గుడ్డ ముందు కూర్చోను. సరిత నమ్మింది. అమ్మమ్మ మాత్రం ఇప్పటికీ, నేను వీడియో కాల్ చేసి బాగున్నావా అంటే, "ముందుగాల కాళ్లు సూపియ్యు" అంటుంది.