పురుగు పుట్టని బండ

ఈ రోజు ఉదయం ఆరూ పదికి వాకిట్లో కడప బండ కడిగాను. మా అక్క పోయాక ఆ పని నాదైంది. నీళ్ళు పడగానే బండ నల్లగా తేలి, దాని అంచున సన్నని పొరలు ఒకదాని మీద ఒకటి కనిపించాయి. వాటిని చూస్తుంటే పరామర్శకు వచ్చిన మా చిన్నమ్మ అన్న మాట మళ్ళీ గుర్తొచ్చింది. 'పెండ్లీ లేదు, పిల్లల్లేరు, బతుకంతా సముద్రం పురుగుల పాఠమే చెప్పె. ఏం మిగిలిందమ్మా దానికి?' ఆ మాటకు బదులు ఇప్పుడు చెబుతాను.

మా అక్క కడపలో ఒక ఆడపిల్లల కళాశాలలో జంతుశాస్త్రం చెప్పేది. నేను అదే ఊళ్ళో బడిలో కొత్తగా చేరి ఆమెతోనే ఉండేదాన్ని. మన తరంలో సైన్సు చదివినవారికి నీరిస్, అరెనికోలా అనే పేర్లు గుర్తుండే ఉంటాయి. ఫార్మలిన్ సీసాలో పాలిపోయిన ఆ పురుగులను చూసి బొమ్మ గీసి, భాగాలకు పేర్లు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే అందరం. అక్కకు అది చాలేది కాదు. పురుగు బతికే చోటు చూడనిదే దాని ఒళ్ళు అలా ఎందుకుందో తెలియదని ఆమె వాదన. అందుకని ఏటా పిల్లలను బద్వేలు మీదుగా, నెల్లూరు దాటించి, సముద్రానికి తీసుకుపోయేది.

ఒక కరువు సంవత్సరం ఆ ప్రయాణం ఆగిపోయేలా ఉండింది. రాజంపేటలో అంగడి ఉన్న ఒక విద్యార్థిని తండ్రి కుదరదన్నాడు. ఆయన వద్దంటే తక్కిన తండ్రులూ వద్దనేవారు. ఒక ఏడు ఆగితే ఇక ఎప్పటికీ ఆగినట్టే. ఆయన మా ఇంటికే వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా, ఈ బండ మీద కూర్చున్నాడు.

'ఈడ తాగేదానికి నీళ్ళు లేవు, మీరు పిల్లోళ్ళను సముద్రానికి పిల్చుకపోతాండారా తల్లీ? అదీ పురుగుల కోసరం! మా అంగట్లో బియ్యం మూటల నిండా ఉండాయి, ఎన్ని గావాలో ఏరుకోండి.'

అక్క నవ్వింది గానీ వెనక్కి తగ్గలేదు. 'నువ్వు కూర్చున్న బండ ఒకప్పటి సముద్రం అడుగు బురదే అన్నా.'

'అట్లనా! మరి చేపలేవీ?'

'చేపలు గాదు గదా, పురుగు కూడా పుట్టనప్పటి సముద్రమది. బురదను తవ్వి కలబెట్టేది ఒక్కటీ లేదు. అందుకే పొర మీద పొర అట్లే ఉండాది, చూడు.'

ఆయన వంగి అంచు మీద వేలు ఆనించి చూశాడు. 'అయితే పురుగు లేకపోవడమే మేలాయె గదమ్మా. బండ శానా నున్నగా వచ్చె!'

'బండకు మేలే అన్నా. బతికేదానికి గాదు. పురుగు తవ్వితేనే బురదకు గాలి.'

'చేను దున్నినట్ల,' అన్నాడాయన, తనలో తాను అనుకున్నట్టు. లేచి, కూతురితో పాటు సముద్రానికి తనూ వస్తానన్నాడు.

బండ అలా పొరలుగా చీలడానికి పురుగు లేకపోవడం ఒక్కటే కారణం కాదని తర్వాత చదువుకున్నాను. కానీ అదీ ఒక కారణమే.

ఆ యాత్రకు నేనూ వెళ్ళాను. నీళ్ళు వెనక్కి తగ్గిన తీరంలో తడి ఇసుక మీద మురుకుల చుట్టల్లాంటి కుప్పలుండేవి, ఒక్కొక్కదాని కింద ఇసుక మింగి బతికే పురుగు ఒకటి. ఇంకో జాతి గవ్వ ముక్కలూ ఆకు తునకలూ అతికించుకుని తన గొట్టం తానే కట్టుకుంది. ఏరు కలిసే చోట నల్లబురదలో నీరిస్ దొరికింది. దాని ఒంటి మీది ఆకుపచ్చ మెరుపు మా సీసాలో ఏనాడూ లేదు. సున్నపు గొట్టాలు పట్టిన కొయ్యముక్కను సముద్రపు నీళ్ళ బొక్కెనలో ఉంచితే, కాసేపటికి ఒక్కో గొట్టంలోంచి పురుగు తల చిన్న విసనకర్రలా విచ్చుకుంది. ఆ తండ్రి చేయి అడ్డుపెట్టాడు. నీడ పడగానే అది లోపలికి ముడుచుకుపోయింది. ఆయన చేయి తీసి, ఆగి, మళ్ళీ పెట్టి, 'దీనికి సిగ్గెక్కువమ్మా' అని కూతురిని పిలిచి చూపించాడు. మరుసటి ఏడు తక్కిన తండ్రులను ఒప్పించింది ఆయనే.

చిన్నమ్మా, మిగిలింది అది. చాలదని ఎవరన్నా నేను ఒప్పుకోను. సముద్రం ఎరగని నేల పిల్లలకు సముద్రం పురుగులెందుకని అడిగిన ప్రతివారూ సముద్రపు బురద మీదే ఇల్లు కట్టుకుని, దాని మీదే కాళ్ళు కడుక్కున్నవారు.

జీవులను పట్టి సీసాల్లో పెట్టవద్దని తర్వాత కళాశాలలకు పైనుంచి ఉత్తరువు వచ్చింది, న్యాయమే. వెళ్ళి చూడవద్దని మాత్రం ఎవరూ అనలేదు. పురుగులన్నీ ఇప్పుడు కంప్యూటరు తెర మీద కనిపిస్తాయట. అక్క కళాశాల నుంచి పిల్లలను సముద్రానికి తీసుకుపోవడం లేదు.