రోబో గారి పరివారం

బంగారమ్మ గారు ఏ మిషన్నీ ఏనాడూ 'నువ్వు' అని ఎరగరు. తణుకు నుంచి అత్తిలి వెళ్ళే రోడ్డు మీద ఆవిడకో రైసుమిల్లుంది. భర్త పోయాక ఆవిడే నడుపుకొస్తున్నారు. ఆ మిల్లులో బాయిలరు గారు, మోటారు గారు, కాటా గారు ఉంటారు. ఇంట్లో అయితే మిక్సీ గారు. "ఇవాళ మిక్సీ గారి గొంతు బొంగురు పోయిందమ్మా, పచ్చడి రోట్లో నూరెయ్యి" అంటారు వంటావిడతో.

ఫోనెత్తితే "మీరు డయల్ చేసిన నంబరు బిజీగా ఉంది" అని రికార్డు గొంతు పలికిందనుకోండి. "పర్లేదమ్మా, నాకేం తొందర లేదు. మీరు భోంచేశారా?" అని అడిగి, జవాబు కోసం కాసేపు చూసి మరీ పెట్టేస్తారు. తణుకులో ఏటీఎం కొత్తగా వచ్చినప్పుడు డబ్బు తీసుకుని, "వస్తానండి" అని దణ్ణం పెట్టి, దానికి వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చారు. లోపల బ్యాంకు పెద్దాఫీసరెవరో ఉన్నారనుకుని వాచ్‌మన్ లేచి టోపీ సర్దుకున్నాడు.

అలాంటావిడ మిల్లుకి, రెండువేల నాలుగులో, రంగు చూసి బియ్యం ఏరే మిషనొచ్చింది. బిగించడానికి కంపెనీ పంపిన ఇంజనీరు కాకినాడ కుర్రాడు. పేరు వీరవెంకటసత్యనారాయణ.

"సత్యా అంటే చాలండి, కంపెనీలో అందరూ అలాగే పిలుస్తారు" అన్నాడు.

"అన్నవరం స్వామి పేరు బాబూ. మధ్యలో కోసేస్తే ఎలాగండి?" అన్నారు బంగారమ్మ గారు. మర్నాడు అతను వైర్లు కలుపుతుంటే, "వీరవెంకటసత్యనారాయణ గారూ, మెయిన్ ఆఫ్ చెయ్యలేదండీ!" అని అరిచారు. పేరు పూర్తయ్యేలోపే అతనికి షాక్ కొట్టేసింది.

మొదటిసారి మిషను నడిపిన రోజున మిల్లంతా దాని చుట్టూ చేరింది. అద్దం వెనక బియ్యం ధారలు ధారలుగా దిగుతున్నాయి. కెమెరాలు చూస్తున్నాయి. నల్లగింజ కంటబడగానే టిక్కుమని సన్నటి గాలి తగిలి, ఆ ఒక్క గింజా పక్క గొట్టంలోకి ఎగిరిపోతోంది. దాని పక్కనే పడుతున్న తెల్లగింజకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. టిక్ టిక్ టిక్... ఎండు తాటాకు మీద వాన పడ్డట్టు. అలాంటివి ఎన్నో బిగించిన సత్యకి కూడా ఆ క్షణంలో ఒళ్ళు ఝల్లుమంటుంది.

"ఇదేం చూపండీ బాబూ! రెప్ప వెయ్యరాండీ?" అన్నారు బంగారమ్మ గారు గుసగుసగా.

"వెయ్యదండి. ఒకరకంగా రోబోనే."

"వెయ్యరు" అని దిద్దారావిడ. అలా ఆ మిషను రోబో గారయ్యారు.

చేటలు ఒళ్ళో పెట్టుకుని ఇన్నేళ్ళుగా ఆ నల్లగింజలు ఏరిన ఆడవాళ్ళు మాత్రం గోడవారే ఉండిపోయారు. వాళ్ళలో పెద్దది లోవలక్ష్మి, చేట నేలమీద పెట్టేసి చేతులు చూసుకుంటోంది.

మిల్లు మేస్త్రి చిట్టియ్య ముందుకొచ్చాడు. బాయిలరు కూత కంటే అతని గొంతే పెద్దది. ఆడకూలీలకి పేర్లుంటాయని అతనికి తెలియదు. అందరూ 'ఒసేయ్'లే. "ఇక వీళ్ళెందుకండి అమ్మగారూ? రేపట్నించి రావద్దని చెప్పేస్తాను."

"అదేంటండీ? అంతటి పెద్దాయన్ని ఒంటరిగా వదిలేస్తారా? పరివారం ఉండొద్దూ? అద్దాలు తుడవాలి, బస్తాలు కుట్టాలి. రోబో గారి పని మా లోవలక్ష్మి చూసుకుంటుంది. ఇంజనీరు గారు నేర్పుతారు. ఇంకోమాట. మిల్లులో ఆయన్ని ఎవరైనా సరే మీరనే అనాలి. అననివాళ్ళకి ఆ పూట టీ లేదు."

చిట్టియ్య టీ మీదే బతికే మనిషి. "ఒరే రోబో, ఆగరా" అన్నాడు, పొద్దుటి టీ పోయింది. "ఇదెక్కడి దరిద్రం" అని గొణిగాడు, సాయంత్రం టీ పోయింది. రెండో వారానికి నీరసం వచ్చి, గోడౌన్ వెనక నిలబడి "రోబో గారండి, నమస్కారమండి" అని నోటికి సాధకం చేసుకుంటున్నాడు. సత్య చూసి నవ్వాపుకోలేక బస్తాల చాటుకి పోయాడు.

లోవలక్ష్మి పాఠమే సాగటం లేదు. సత్య చెప్పింది చెప్పినట్టు అప్పగిస్తుంది. చిట్టియ్య "ఒసేయ్!" అంటే చాలు, బటన్ మీద వేలు వణికిపోతుంది. సత్య బంగారమ్మ గారితో అనేశాడు: "ఈవిడ వల్ల కాదేమోనండి. నేను రేపు వెళ్ళిపోవాలి."

"రేపటిదాకా చూద్దామండి" అన్నారావిడ.

మర్నాడు అద్దం మీద తౌడు పేరుకుంది. మసకలో మిషనుకి ప్రతి గింజా నల్లగానే కనపడింది. మంచి బియ్యమంతా పక్క గొట్టంలోంచి ధారగట్టింది. అలారం మోగింది. లోవలక్ష్మి కొయ్యబారిపోయింది. సత్య మేడమీదున్నాడు. చిట్టియ్య గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"రోబో గారూ, ఆగండి ఆగండి! లోవలక్ష్మి గారూ, ఆ ఎర్ర బటన్ నొక్కండి, మీకు దణ్ణం పెడతాను!"

లోవలక్ష్మి చిట్టియ్య వైపు తిరిగి చూసింది. తర్వాత వేలు వణక్కుండా బటన్ నొక్కి, ధార ఆగాక, నిదానంగా అద్దం తుడిచి మళ్ళీ నడిపించింది. టిక్ టిక్ టిక్... నల్లగింజలు ఎగురుతున్నాయి.

మెట్లు దిగుతూ అంతా చూసిన సత్య, బస్సెక్కే ముందు మిల్లు గుమ్మంలో బంగారమ్మ గారిని అడిగాడు: "నిజం చెప్పండి. మిషన్లకి ప్రాణం ఉందనుకుంటారా మీరు?"

"ఏమోనండి, చిన్నప్పట్నించీ అలా అనేస్తాను, అలవాటు. చిట్టియ్య గారిది మాత్రం వేరు. ఆడవాళ్ళకి మర్యాదివ్వండయ్యా అని ఎన్నేళ్ళు చెప్పినా పౌరుషం అడ్డొచ్చింది. ఇనుముతో పౌరుషమేముంటుంది చెప్పండి? నాలిక దారిలో పడితే చాలు, అదే మనుషుల దాకా నడుచుకుంటూ వస్తుందని చూశాను."

సత్య ఆవిడ కళ్ళలోకి చూశాడు. రెప్ప వెయ్యని చూపు ఇంకొకటి ఈ మిల్లులో ఉందని ఇన్నాళ్ళూ అతను గమనించనే లేదు.

లోపల్నించి లోవలక్ష్మి గొంతు వినిపించింది: "చిట్టియ్య గారూ, కాస్త ఎడంగా నిలబడండి బాబూ. మీరు అరిస్తే ఆయన గారు బెదిరిపోతారు."

"అలాగేనండి" అన్నాడు చిట్టియ్య.