కొరికిన మిషన్

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు మీద, మక్క కంకులు ఒలిచే మిషన్లు తయారు చేసే కంపెనీ ఒకటి ఉంది. అక్కడికి వచ్చిన రైతు గ్యారంటీ కాగితం అడగడు. “కొరికిందేనా?” అని అడుగుతాడు.

యజమాని సిద్ధిరాములు మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. కార్గిల్ యుద్ధంలో రెండు నెలలు ఫిరంగుల పక్కన నిలబడ్డాడు. గుండ్లు అవతలికి పోయాయి. చప్పుడు మాత్రం ఈయన చెవుల్లో దూరి తిరిగి బయటికి రాలేదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం మిగిలింది. అప్పుడు వాళ్ళ దళంలోని ముసలి పంజాబీ మెకానిక్ ఒక ఇనుప రాడ్డు తెచ్చి, ఒక కొస లారీ ఇంజనుకు ఆనించి, రెండో కొస సిద్ధిరాములు పళ్ళ మధ్య పెట్టాడు. దవడలోంచి ఇంజను వినిపించింది. మూడో సిలిండరు దగ్గుతోందని కూడా తెలిసింది. చెవులున్న రోజుల్లో ఆయనకు అంత వినపడలేదు.

ఊరికి వచ్చి కంపెనీ పెట్టినా ఆ రాడ్డును వదల్లేదు. ప్రతి మిషన్నూ ఖాళీగా తిప్పించి, రాడ్డు కొరికి, బేరింగు బాగుందని తెలిశాకే ‘విన్నాను, సిద్ధిరాములు’ అని రేకు మీద ముద్ర కొట్టేవాడు. ముద్ర లేని మిషను గేటు దాటలేదు. ఆయన కరెంటు స్తంభాన్ని కొరికి లింగంపేటలో ఏ మోటరు చెడిందో చెప్పాడని కొందరంటారు. అది అబద్ధం. ఆయన కొరికింది గేటును, చెడిన మోటరు ఎదురింటిది.

ఇరవై ఏళ్ళు ఇనుము కొరికితే పళ్ళు ఊరికే ఉండవు కదా. ఈ ఏడాది పైవరస మొత్తం కదిలింది.

“ఏం నమిలినవయ్యా?” అని పళ్ళ డాక్టరు అడిగాడు.

“మిషన్లు.”

పైవరస పీకెయ్యాల్సిందేనని డాక్టరు తేల్చాడు. పింఛను పని మీద హైదరాబాదు పోతున్నానని షెడ్డులో చెప్పి, సిద్ధిరాములు కట్టుడు పళ్ళతో తిరిగొచ్చాడు. వచ్చిన రోజే ఒక మిషన్ను కొరికాడు. ఏమీ వినిపించలేదు. మంచు పడ్డ కొండ మీద ఉన్నంత నిశ్శబ్దం. రాడ్డును నుదుటికి ఆనించి చూశాడు. ఆ నుదురు ఏనాడూ ఏ పనికీ వచ్చింది కాదు, ఇప్పుడూ రాలేదు. చుట్టూ పనివాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆయన తల ఊపి ముద్ర కొట్టాడు.

ఆ మిషను గాంధారి ఊరికి అవతలి తండాకు, మోత్యా అనే రైతుకు పోయింది.

మూడో రోజు పద్మలత చాయ్ పట్టుకుని వచ్చింది. ఒకప్పుడు బీడీలు చుట్టిన ఆమె ఇప్పుడు షెడ్డు మొత్తం చూసుకుంటుంది.

“సార్, మొన్న వచ్చిన ఆరు బేరింగులల్ల అయిదు గీతలు పడ్డయే ఉన్నయి. వాపస్ పంపిన.”

“ఆరోది?”

“మోత్యా మిషన్ల పోయింది. మీరు కొరికిన్రు గదా. మంచిదొక్కటే దానికి పోయింది, నసీబున్నోడు.”

సిద్ధిరాములు చాయ్ కింద పెట్టాడు. బేరింగు పట్టేస్తే షాఫ్టు ఎగురుతుంది. కంకులు వేసే చేతులు దానికి జానెడు దూరంలోనే ఉంటాయి.

“మోత్యాకు ఫోన్ చెయ్యి. మిషన్ ఆపుమను.”

“ఎందుకు? మీరు విన్నరు గదా.”

“చెయ్యి.”

తండాలో సిగ్నల్ లేదు. ఆయన కొత్త బేరింగు, రాడ్డు జీపులో పడేసుకుని బయలుదేరాడు.

తండా చేరేసరికి ట్రాక్టరుకు తగిలించిన మిషను నడుస్తూనే ఉంది. మోత్యా కూతురు రేఖ కంకులు వేస్తోంది. సిద్ధిరాములు ఫిరంగి దగ్గర ఎత్తినట్టు చెయ్యి ఎత్తాడు. ట్రాక్టరు ఆగింది.

“ఎందుకాపిచ్చినవ్ సాబ్? కొరికిన మిషనే గదా,” అన్నాడు మోత్యా.

సాకులు చాలా ఉన్నాయి. దారిలో నాలుగు తయారు చేసుకున్నాడు కూడా. కానీ రేఖ చేతుల మీద ఇంకా మక్క పొట్టు అంటుకుని ఉంది. ఆయన పైవరస తీసి అరచేతిలో పెట్టి అందరికీ చూపించాడు.

“కొరికిన గని, వినలే. ఇవి కట్టుడువి.”

మోత్యా తల్లి దగ్గరికొచ్చి పళ్ళను పరీక్షగా చూసింది. “నాకు గూడ పండ్లు లేవు కొడకా. నేనేమన్న మిషన్లు అమ్ముతున్ననా?”

ఆయన పైవరసను మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. రాడ్డు రేఖ చేతికిచ్చాడు. “నీ పండ్లు గట్టియేనా బిడ్డా?”

“ఏటా చెరుకు కోతకు పోతం. కోసేటిది కత్తితోని, తినేటిది వీటితోనే.”

మిషన్ను ఖాళీగా, మెల్లగా తిప్పించారు. రేఖ రాడ్డు కొరికి కళ్ళు మూసుకుంది.

“ఏం వినొస్తుంది?”

“మా బాపు నిద్రల పండ్లు నూరినట్టున్నది.”

తండా మొత్తానికి ఆ చప్పుడు తెలిసినట్టుంది, అందరూ మోత్యా వైపు చూశారు. బేరింగు విప్పితే లోపలి గుండ్లు నీలంగా మారి, గుంతలు పడి ఉన్నాయి. సిద్ధిరాములు కొత్తది బిగించాడు. రేఖ మళ్ళీ కొరికింది.

“ఇప్పుడు?”

“పండుకున్నది.”

ఆయన మేకు తీసుకుని రేకు మీది తన పేరును అందరి ముందే గీకేశాడు. ‘విన్నాను’ అన్నది మిగిలింది. దాని కింద రేఖతో సంతకం చేయించాడు. చెరుకు కోతకు బదులు కంపెనీకి వస్తావా అని అడిగాడు.

“నా పండ్లు గూడ ఊడితే?”

అది ఆయన ఇరవై ఏళ్ళలో తనను తాను ఒక్కసారీ అడగని ప్రశ్న. వారం తర్వాత రేఖ షెడ్డుకు వచ్చేసరికి రాడ్డుకు పళ్ళ మధ్య పెట్టుకునే కొసన వేపకర్ర పిడి వేయించి ఉంది. నమలొద్దు, ఆనిస్తే చాలని చెప్పాడు. తాను శత్రువును కొరికినట్టు కొరికేవాడినని ఒప్పుకున్నాడు.

మొదటి రోజే రేఖ ఒక మిషన్ను పక్కన పెట్టించింది. సిద్ధిరాములు పాత అలవాటు కొద్దీ దానిమీద చెయ్యి వేసి, బాగానే ఉందన్నాడు.

పద్మలత స్పానర్ పట్టుకుని ఇద్దరి మధ్య నిలబడింది. “ఎవరి మాట వినాలె సార్?”

సిద్ధిరాములు నాలుకతో పైవరసను ఒకసారి సర్దుకున్నాడు.

“పండ్లున్నోళ్ల మాట,” అన్నాడు.