పాట ఆగిన మూడో తరగతి

పిల్లలు ఆమెకు పెట్టిన పేరు ఎక్కాల టీచరమ్మ. ఆ సంగతి ఆమెకు తెలుసు, లోలోపల మురిసిపోయేది కూడా. మధ్యాహ్నం ఎండ కిటికీ ఊచల్లోంచి చారలు చారలుగా పడుతుంటే ఆమె ఒక ఎక్కం అందుకునేది, మూడో తరగతంతా వంత పాడేది. ఆ రాగానికి ఆమె కళ్లు వాటంతటవే మూతలు పడేవి. సుద్దపొడితో పాటు తానూ గాల్లో తేలుతున్నట్టుండేది. జీతమిచ్చి మరీ ఊపే ఉయ్యాల ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి?

ఆమె అన్నయ్య కూతురిదీ అదే తరగతి. "మా మేనకోడలికి ఎక్కాలన్నీ నోటికొచ్చు" అని స్టాఫ్ రూములో చాటింపు వేసేది.

ఒక ఆదివారం అన్నయ్య ఇంట్లో ఏడుగురు భోజనాలకు కూర్చున్నారు.

"ఒక్కొక్కరికి మూడు గిన్నెలు. మొత్తం ఎన్ని తెస్తావే?" అని మేనకోడల్ని అడిగింది.

పిల్ల వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలెట్టింది.

"ఏడో ఎక్కమే కదే!"

"క్లాసులో నేను ఉత్తినే పెదాలు ఆడిస్తానత్తా. అందరూ అంటుంటే నాకూ వచ్చినట్టే ఉంటుంది. ఒక్కదాన్నే అంటే భయం."

టీచరమ్మ మనసు చివుక్కుమంది. తాను కళ్లు మూసుకుని తేలిపోతుంటే ఇలా ఎంతమంది పెదాలాడించి పై తరగతికి వెళ్లిపోయారో! సిగ్గేసింది. ఈ పిల్లకు లెక్కల భయం జీవితాంతం ఉండిపోతే ఆ పాపం తనది కాక ఎవరిది?

మర్నాడు పాట లేదు. బెంచీలు గోడవారకు జరిపించి, పాత చొక్కాల నుంచి కత్తిరించి తెచ్చిన గుండీలు నేలమీద పోసింది.

"వరుసకు మూడు చొప్పున ఏడు వరుసలు పేర్చండి. తొందరేం లేదు."

గది సద్దుమణిగింది. హెడ్మాస్టరు కంగారుగా తొంగిచూశాడు.

"ఏంటమ్మా, మీ క్లాసు వినిపించట్లేదు? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నానండీ."

ఆయన నమ్మనట్టే వెళ్లాడు. గుండీలు ఒకదానికొకటి తగిలే చిన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ చప్పుడులో ఆమెకు మళ్లీ మత్తుగా అనిపించింది, కానీ కళ్లు మూయబుద్ధి కాలేదు.

మేనకోడలు తను పేర్చిన గుండీల చుట్టూ పాకుతూ వెళ్లి పక్కవైపు కూర్చుంది. చాలాసేపు చూసింది.

"అత్తా! అటు నుంచి చూస్తే ఏడు వరుసలు, మూడేసి. ఇటు నుంచి మూడు వరుసలు, ఏడేసి. ఎటు లెక్కపెట్టినా ఇరవై ఒకటే! అంటే సగం ఎక్కాలు నేర్చుకోనే అక్కర్లేదు కదా?"

"అక్కర్లేదు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

టీచరమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని నేలమీద కూలబడింది.

"నాకూ ఎవరూ చూపించలేదే తల్లీ."

పిల్ల జాలిగా చూసి, కాస్త జరిగి చోటిచ్చింది.

"అయితే ఇటు రా అత్తా. ఇక్కణ్నుంచి బాగా కనిపిస్తుంది."